గడియారం ఆగినప్పుడు పడిన పాయింట్లు

గణాంకాల గది, మూడో అంతస్తు
లీగ్ కేంద్ర కార్యాలయం
డిసెంబరు 3

చెల్లెలికి, అన్నయ్య ఆశీస్సులు.

నేను క్షేమం. మోకాలి నొప్పి ఈ మూడు అంతస్తుల మెట్ల దగ్గర తప్ప మరెక్కడా గుర్తుకు రావడం లేదు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు. ఫోన్‌లో అన్న మాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు. అందుచేత ఈ విషయం కాగితం మీదే నడవాలని నా కోరిక.

నా అధ్యయనం ముగింపుకు వచ్చింది. గోదాములో తూకాలు రాసుకుంటూ, రాత్రి కళాశాలలో ఐదేళ్లు చదివి, నలభై మూడో ఏట గణాంకశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ని. వృత్తి బాస్కెట్‌బాల్‌లో ఆటను గెలిపించేది ఏమిటన్న ప్రశ్నకు ఈ కార్యాలయంలో ఇంతవరకు ఎవరూ సమాధానం రాయలేదు. నేను రాస్తున్నాను. జనం ఎక్కువ పాయింట్లు వేసినవాడికి చప్పట్లు కొడతారు. నా లెక్క వేరు. ఒక ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు అతడి జట్టు ఎన్ని పాయింట్లు వేసింది, ఎన్ని ఇచ్చుకుంది, ఆ రెంటి తేడా ఎంత? దీనికి 'ఉనికి లెక్క' అని పేరు పెట్టాను. బంతిని ఒక్కసారి కూడా బుట్టలో వేయనివాడు సైతం ఆటను గెలిపించవచ్చు. ఎదుటివాడి చేత తొందరపాటు షాటు వేయిస్తాడు. బుట్టకు తగిలి బయటికి వచ్చిన బంతికి, అంటే రీబౌండుకు, అడ్డంగా నిలబడి అది పక్కవాడికి దక్కేలా చూస్తాడు. ఇవన్నీ నా లెక్కలో కనిపిస్తాయి.

అందరి అంకెలూ చక్కగా ఒదిగాయి. ఒక్కడివి తప్ప. మీ జట్టులో 'గోడ' అని పిలిచే ఆ పెద్ద వయసు డిఫెండరు, బయటి హాళ్లలో మ్యాచ్‌కు సగటున 2.3 పాయింట్లు కలిసివచ్చే మనిషి. నువ్వు స్కోరు బల్ల దగ్గర కూర్చునే మీ హాల్లో 11.4. లీగ్ మొత్తానికి మొదటి స్థానం. పద్నాలుగు మ్యాచ్‌లుగా ఇదే వరస.

మీ హాలులో ప్రత్యేకత ఏమైనా ఉందా? నీకు తెలిసినది తెలిసినట్టు రాయగలవు.

అన్నయ్య


హాలు వెనక వీధి, మేడ మీది వాటా
డిసెంబరు 14

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మీ బావ అన్న మొదటి మాట: "ఇది ఉత్తరమా, నోటీసా? కింద గుండ్రటి ముద్ర ఒక్కటే తక్కువ." ఇది కూడా ఆయన చేతే రాయిస్తున్నా. నేను కూరగాయలు కడుగుతూ చెబుతున్నా, ఆయన మధ్యమధ్యలో సొంత కవిత్వం కలపకుండా చూసుకుంటున్నా. (కలపలేదు బావా. ఈ ఒక్క మాట మాత్రం రాసేవాడిది.)

మా హాల్లో ప్రత్యేకత అంటే, పైకప్పు రెండు చోట్ల కారుతుంది. ఎడమ వైపు బుట్ట కింద చెక్క ఒకటి అడుగు పెడితే కిర్రుమంటుంది. గోడ మంచివాడు, బాగా ఆడతాడు, అంతే. ముప్పై నాలుగేళ్లు, రెండు మోకాళ్లకూ పట్టీలు. ఎవణ్ని పట్టుకోమంటే వాణ్ని జలగలా పట్టుకుంటాడు. ఈ సీజన్‌లో కొత్త కోచ్ వచ్చాడు కదా, ఆయనకి ఒకచోట కాలు నిలవదు. మనం కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు గోడని దింపుతాడు, మనం దాడికి వెళ్లేటప్పుడు గోడని తీసి షూటర్‌ని దింపుతాడు. మార్పు చీటీలు రాయలేక నా ప్రాణం పోతోంది. ఒకడి కింద బెంచీ వేడెక్కేలోపు ఇంకొకడు లేస్తాడు.

నువ్వు ఈ ఆటల ఆఫీసులో చేరి రెండేళ్లయింది. ఒక్క మ్యాచ్ అయినా చూశావా? పోయినసారి అడిగితే "చూస్తే కన్ను పక్షపాతం నేర్చుకుంటుంది" అన్నావు. నీ కన్ను అంత బుద్ధిమంతురాలని నాకు తెలీదు. సెలవు పెట్టి రా. నేను బల్ల దగ్గర కూర్చుని పందొమ్మిదేళ్లు. నా అన్నయ్య ఒక్కసారి కూడా ఎదురుగా కూర్చోలేదు.

చెల్లి


గణాంకాల గది
డిసెంబరు 27

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. హాస్యం బాగుంది. సమాధానం మాత్రం లేదు.

నేను అడిగినది ఎందుకు తేలికైన విషయం కాదో వివరిస్తాను. పాయింటు పడేలా బంతి అందించిన పాసు లెక్కకు వస్తుందా రాదా అన్నది రాసేవారి అభిప్రాయం. సొంత జట్టు మీద అభిమానంతో అక్కడ ఒకటి రెండు ఎక్కువ రాయడం అన్ని హాళ్లలోనూ ఉన్నదే. ఉనికి లెక్కలో అభిప్రాయానికి చోటు లేదు. ఎవరు ఏ సమయానికి దిగారు, ఏ సమయానికి వెళ్లారు, ఏ సమయానికి పాయింటు పడింది, ఇంతే. అంకె పెరగాలంటే సమయం మార్చి రాయాలి. దానికి వేరే దారి నాకు కనిపించడం లేదు.

రెండవది. నువ్వు చెప్పిన ఆ షూటర్ బయటి హాళ్లలో మ్యాచ్‌కు 3.5 కలిసివచ్చే ఆటగాడు. మీ హాలులో 5.6 నష్టం. గోడకు పెరిగినది, షూటర్‌కు తగ్గినది ఇంచుమించు సమానం. ఒకడి నుంచి తీసి ఇంకొకడికి పెట్టినట్టు ఉంది. యాదృచ్ఛికంగా ఇంత సరిగ్గా జరగదు.

మూడవది రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఇతర హాళ్లలో పాయింట్లు, మార్పులు ఒకే పత్రం మీద వరసగా వస్తాయి. మీది పాత పద్ధతి. స్కోరు పత్రం వేరు, మార్పు చీటీలు వేరు. ఈ సీజన్ మొదలైన నాటి నుంచి మీ చీటీల మీద చేతిరాత నీది కాదు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత ఉంది. నువ్వు ఏనాడూ అలా రాయలేదు. నీ పోయిన ఉత్తరం కవరు మీద, బావగారు రాసిన చిరునామాలో పదిహేడో నంబరు ఇంటి దగ్గర అదే ఏడు చూశాను.

బల్ల దగ్గర అనుమతి పొందినవారు తప్ప ఇతరులు కలం పట్టరాదన్న నిబంధన నీకు తెలియనిది కాదు. అంకెలు చెడినదీ, చేతిరాత మారినదీ ఒకే రోజున మొదలైతే నేను ఏమనుకోవాలి? అధ్యయనం ఇంకా పరిశీలనలోనే ఉంది. వెంటనే వివరణ రాయి.

అన్నయ్య


మేడ మీది వాటా
జనవరి 6

అన్నయ్యా,

ఈసారి నేనే రాస్తున్నా. వంకరగా ఉంటే క్షమించు. వంకర అక్షరాల మీద కూడా నివేదిక పంపకు.

నన్ను అడుగుతున్నది అన్నయ్యా, ఆఫీసా? అన్నయ్య అయితే, "బావ చేత ఎందుకు రాయిస్తున్నావమ్మా, చెయ్యికేమైంది" అని అడిగేవాడు. నువ్వు ఏడు అంకె నడుం పట్టుకుని మా ఇంటి గోడ దూకావు.

సమయాలు నేను మార్చలేదు. నా తలకాయ తీసుకెళ్లి బల్ల మీద పెట్టమన్నా ఇదే చెబుతాను. గడియారంలో ఏముందో అదే చెప్పాను, చెప్పిందే చీటీ మీద పడింది.

ఇక నా అనుమానం విను. నీ ఉత్తరం నాకు డిసెంబరు 30న చేరింది. మీ తనిఖీ అధికారి 26నే వచ్చాడు. చీటీల కట్టలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. గోడ దిగిన మ్యాచ్‌లే ఏరి ఏరి చూశాడు. ఏం బాబూ ఎందుకని అడిగితే, "నివేదికలో ఉన్నవే చూస్తున్నానమ్మా" అన్నాడు. ఏ నివేదిక? నీది ఇంకా పరిశీలనలో ఉందన్నావుగా? ఆ పరిశీలన నీకంటే ముందు బస్సెక్కి మా ఊరొచ్చిందా?

నివేదిక ఎప్పుడు పంపావు? తేదీ రాయి. కాగితానికి తేదీ ఉంటుందన్నది నువ్వే.

మీ బావ కుట్టుమిషన్ ముందు కూర్చుని రెండు రోజులుగా నోరు మెదపడం లేదు. అది నాకు నీ ఉత్తరం కంటే భయంగా ఉంది.

చెల్లి


గణాంకాల గది
జనవరి 15

చెల్లీ,

తేదీల గురించి చర్చ ఇప్పుడు ఉపయోగపడదు. ఫిబ్రవరి 5న క్రమశిక్షణ సంఘం మీ హాలు వ్యవహారాన్ని విచారణకు తీసుకుంటుంది. సమయాలు తప్పుగా నమోదైనట్టు తేలితే నీ పేరు బల్ల జాబితా నుంచి శాశ్వతంగా తొలగిస్తారు. పందొమ్మిదేళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. ఆ మాట నాకు నిద్ర పట్టనీయడం లేదు.

అన్నగా ఒక సలహా. ఆ షూటర్ మీద కోపమో, గోడ మీద జాలో, ఎవరి ఒత్తిడో, ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి ఇవ్వు. నీ అంతట నువ్వే తప్పుకుంటే సంఘం మెత్తగా ఉంటుంది. నేను కూడా మాట్లాడతాను.

నేను అంకెలను నా ఇష్టానికి వంచలేను. వంచగలిగితే నాకు ఆ పట్టా ఎందుకు?

అన్నయ్య


మేడ మీది వాటా
జనవరి 24

అన్నయ్యా,

తప్పుకోను. కాగితం రాసివ్వను. దీన్ని మాత్రం రెండుసార్లు చదువు.

మొన్న సాధన అయిపోయాక గోడ నా బల్ల దగ్గరికొచ్చాడు. మీ ఆఫీసు నెలనెలా పంపే ఉనికి పట్టిక నోటీసు బోర్డు నుంచి పీకి చేత్తో పట్టుకొచ్చాడు.

"అక్కా, ఇది ఎవరు కట్టారు?"

"మా అన్నయ్య. ఏం?"

"మీ అన్నయ్యకి నేనంటే మరీ ఇంత ప్రేమా? ఈ మ్యాచ్‌లో నేనున్నప్పుడు మనం ఇరవై ఒకటి ముందుకెళ్లామంట. నాకు బాగా గుర్తు, పది కూడా లేదు. నేను బెంచీ మీద చెమట తుడుచుకుంటూ చూసిన పాయింట్లు కూడా నా పేరుకే రాశారా?"

"ఎక్కువొస్తే నీకేంటి నష్టం? ఫస్టున్నావుగా!"

"నాకేం లేదక్కా. మావాళ్లు పొద్దున్నే 'మహారాజా' అని దండాలు పెడుతున్నారు, అదొక్కటే చిరాకు. కానీ నా రూమ్మేటు షూటర్‌ని ఈ కాగితం చూసే తీసేస్తారంట. వాడు గోడకేసి చూస్తూ పడుకుంటున్నాడు. నాకేసి కాదు, అసలు గోడకేసి."

మేం ముగ్గురం, నేను, మీ బావ, గోడ, నేల మీద చీటీలు, స్కోరు పత్రాలు పరుచుకుని కూర్చున్నాం. ఆ ఇరవై ఒకటి మ్యాచ్‌నే పట్టుకున్నాం. మూడో క్వార్టర్, గడియారంలో 4:12. మనవాడి మీద ఎదుటివాళ్లు ఫౌల్ చేశారు, రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్లు, ఇచ్చారు. రెండూ పడ్డాయి. అప్పుడు కోచ్ షూటర్‌ని పిలిచి గోడని దింపాడు, ఇక కాపాడుకోవాలి కాబట్టి. స్కోరు పత్రంలో ఆ పాయింట్ల పక్కన 4:12. చీటీలో గోడ దిగిన సమయం 4:12. రెండూ నిజమే. ఎందుకంటే ఫ్రీ త్రోలు వేసేటప్పుడు గడియారం ఆగి ఉంటుంది, అన్నయ్యా! నువ్వు ఒక్క మ్యాచ్ చూసుంటే ఇది మూడో నిమిషంలో తెలిసేది.

రెంటికీ ఒకే సమయం పడితే నువ్వు ఏది ముందు పెడతావు? మనిషి మారాక పాయింట్లు పడ్డాయనే కదా? అప్పుడు ఆ రెండూ గోడకి పోతాయి, షూటర్‌కి రావు. తిరగేసి చూడు. ఎదుటివాళ్ల ఫ్రీ త్రోలు పడగానే గోడని తీసి షూటర్‌ని దింపుతారు. గోడ మీద పడాల్సిన రెండూ అప్పుడే దిగిన షూటర్ నెత్తిన పడతాయి. మ్యాచ్‌కి నాలుగైదు సార్లు. వేరే హాళ్లలో ఒకే పత్రం కాబట్టి ఏది ముందో వరసే చెబుతుంది. మాకు వరస లేదు. ఆ వరస నువ్వు నీ గదిలో కూర్చుని పెట్టావు.

ఇప్పుడు నా తప్పు. ఆగస్టులో హాలు మెట్ల మీద జారి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా రెండు వేళ్లు మొద్దుబారే ఉన్నాయి. స్కోరు పత్రం మెల్లగా రాయగలను. చీటీలు ఆ వేగంతో రాయలేను. నేను చెబుతుంటే మీ బావ పక్కన కూర్చుని రాశాడు. బయటపడితే కుర్చీ ఇంకొకరికి ఇస్తారని భయపడి దాచాను. దాచింది ఇదొక్కటే. ఇది నీకు రాస్తున్నా, డాక్టరు కాగితం కూడా జత చేస్తున్నా. సంఘానికి ఏం చెబుతావో నీ ఇష్టం.

తేదీ ఇంకా రాయలేదు నువ్వు.

చెల్లి


గణాంకాల గది
ఫిబ్రవరి 9

చెల్లీ,

డిసెంబరు 1.

నీకు మొదటి ఉత్తరం రాయడానికి రెండు రోజుల ముందే నివేదిక పంపాను. పంపిన తరువాత అడిగాను. నీ జవాబు నా నివేదికను బలపరచాలని కోరుకుంటూ అడిగాను. అది పరిశీలనలో ఉందని రాసినది అబద్ధం. నా నలభై ఎనిమిదేళ్లలో సంతకం పెట్టి రాసిన అబద్ధం అదొక్కటే అనుకుంటున్నాను. ఇకమీదట నా మాటలను నువ్వు నమ్మనక్కరలేదు కాబట్టి, జరిగినది మాత్రం రాస్తాను.

నీ ఉత్తరం చదివి, రెండేళ్ల కింద నేనే రాసి గోడకు అతికించిన సూచనల కాగితం తీసి చూశాను. ఏడో సూచన: "ఒకే సమయం పడిన చోట మార్పును ముందు, పాయింట్లను తరువాత నమోదు చేయవలెను." ఆట ఆగినప్పుడు మనిషి మారతాడు, మళ్లీ మొదలైతే పాయింట్లు పడతాయి అనుకున్నాను. ఆట ఆగి ఉండగానే పాయింట్లు పడతాయన్న ఆలోచన నాకు రానే లేదు. ఆ ఏడో సూచన మీ హాలు పత్రాలకు తప్ప ఎక్కడా వర్తించలేదు. అక్కడే తప్పింది.

పద్నాలుగు మ్యాచ్‌లనూ తిరిగి కట్టాను. ఎవరు ఫౌల్ చేశారో, ఫ్రీ త్రో ఎవరు వేశారో చూసుకుంటూ నాలుగు రోజులు పట్టింది. మీ హాలులో గోడ 2.6. షూటర్ 3.2. ఇద్దరూ బయట ఎలా ఉన్నారో లోపలా అలాగే ఉన్నారు.

సంఘం ముందు నేనే లేచి నిలబడ్డాను. అధ్యక్షుడు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "అంటే పట్టభద్రుడుగారూ, తప్పు మీదేనంటారు?" అన్నారు.

"నాదేనండి."

"మీ చెల్లెలు కాబట్టి అంటున్నారా?"

"కాదండి. నా చెల్లెలు కాబట్టే మొదట అనుమానించాను. పక్షపాతం లేదని అనిపించుకోవాలని."

ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. "సరే, సమయాల ఆరోపణ కొట్టేశాం. మరి చీటీల మీద ఈ రెండో చేతిరాత ఎవరిది? మీ నివేదికలో మీరే ఎత్తి చూపించారు."

తెలియదని అనవచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది. అయినా "మా బావగారిది" అన్నాను. మణికట్టు సంగతి, డాక్టరు కాగితం సంగతి కూడా చెప్పాను. విన్నారు. నిబంధన నిబంధనే అన్నారు. నీ పేరు జాబితా నుంచి తీసేశారు. శాశ్వతంగా కాదు. రెండేళ్ల తరువాత చెయ్యి చూపించుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

షూటర్‌ను తీసేయడం లేదని మీ క్లబ్బు కబురు పంపింది. నా అధ్యయనం వెనక్కు తీసుకున్నాను. ఏడో సూచన తప్పని, అది రాసినది నేనని, నా సంతకంతో అన్ని హాళ్లకూ నోటీసు వెళ్లింది. మీ హాలు బోర్డు మీద కూడా ఉండి ఉంటుంది.

ఇందులో క్షమించమని అడగడానికి చోటు ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఉంటే చెప్పు.

అన్నయ్య


మేడ మీది వాటా
మార్చి 11

అన్నయ్యా,

నెల రోజులు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి, మీ బావ వద్దన్నాడు. ఆయన మళ్లీ మాట్లాడుతున్నాడు. మొన్న ఒక కోటుకి కొలతలు తీసుకుంటూ "నా రాత చూసే మా బావమరిది పెద్దవాడయ్యాడు" అని ఎవరితోనో అంటుంటే విన్నాను. కోపం సగం తగ్గిందని అర్థం.

బావ పేరు చెప్పినందుకు నాకు కోపం లేదు. అడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవు, చిన్నప్పుడు కూడా నీ వల్లే నాకు దెబ్బలు పడేవి. నాకు కోపం డిసెంబరు 1 మీద. ఒక్క రోజు ముందు అడిగుంటే, మెట్ల మీద జారానని నేను నీకు చెప్పేదాన్నేమో. చెప్పేదాన్నో లేదో ఇప్పుడు నాకే తెలీదు. ఆ తెలీకపోవడం నీ వల్లే వచ్చింది.

నీ నోటీసు బోర్డు మీద ఉంది. గోడ దాన్ని గట్టిగా చదివి, "రెండున్నరకి దిగిపోయానా! పోన్లే, ఇది నేను ఆడిందే" అన్నాడు. షూటర్ మాత్రం చదవలేదు, పక్కన నిలబడి నవ్వుతూ ఊరుకున్నాడు.

నిన్న సీజన్ ఆఖరి మ్యాచ్. గ్యాలరీలో టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నా. పందొమ్మిదేళ్లు రిఫరీ చేతులు, గడియారం తప్ప ఏమీ చూడలేదు. బంతి ఇంత పెద్ద చప్పుడు చేస్తుందని తెలీదు. అయినా చూస్తూ ఊరుకోలేకపోయా. టిక్కెట్టు వెనక మార్పులన్నీ ఎడమచేత్తో రాసుకున్నా, ఎవరు ముందో ఎవరు తరవాతో వరసతో సహా. ఆట అయ్యాక బల్ల దగ్గరికెళ్లి కొత్తాయన చీటీలతో పోల్చి చూశా. మర్యాదగానే చూపించాడు. నాలుగో క్వార్టర్‌లో ఒక మార్పు ఆయన రాయలేదు. నేను చెప్పలేదు.

ఆ చీటీలు ఈపాటికి నీ గదికి చేరే ఉంటాయి. ఒకచోట కోర్టులో మన జట్టుకి ఐదుగురికి బదులు ఆరుగురు తేలతారు. అప్పుడు నివేదిక రాసే ముందు, అది ఎక్కడ తప్పిందో నన్ను అడుగు.

చెల్లి